గుత్త పట్టుటకు ముందు పద్దు వ్రాయండి
(వ్యవసాయాధికారి, నందికొట్కూరు)



మన నందికొట్కూరు ప్రాంతమున చిత్త, స్వాతి కార్తెలలో పప్పుశనగ విత్తుటకు ఎంత తొందరపడుదుమో మీకు తెలియనిది కాదు. నల్లరేగడిలో పదును ఆరకమునుపే గొర్రు దిగవలెను. ఆ తొందరలో ఎవరును కాగితము, పెన్సిలు పట్టుకొని కూర్చుండరు. కూర్చుండవలసిన సమయము కూడ అది కాదు. అంతకు ఆరు నెలల ముందు, ఉగాది దినములలో, రచ్చబండ దగ్గర గుత్త మాటలు జరుగునప్పుడే కూర్చుండవలెను. గుత్త కుదిరి, డబ్బు చేతులు మారిన తరువాత వ్రాసినది అయిన ఖర్చుల జాబితా యగును గాని బడ్జెటు కాదు.

బడ్జెటు అనగానే అది సర్కారువారి మాట అని జంకవద్దు. రాబోవు ఖర్చును, రాబోవు రాబడిని ముందుగా అంచనా వేసి వ్రాసికొను పద్దే బడ్జెటు. ఊరిలో చిల్లరకొట్టు పెట్టుకొన్నవారు పండుగ సరుకు తెచ్చుటకు ముందు మనసులో వేసికొను లెక్క అదియే. అయిదెకరములు సాగుచేయు రైతు కూడ చిన్న వ్యాపారియే. ఏటికి లక్ష రూపాయలు పెట్టి, సరుకు పండించి అమ్ముచున్నాడు. కాని కొట్టు యజమానిని అడిగిన, ఏ సరుకుపై ఎంత మిగులునో చెప్పగలడు. రైతును అడిగిన, "ఏదో గడిచింది సార్" అనును. ఈ "ఏదో" అను మాటలోనే అప్పు పుట్టుచున్నది.

ఈ సంగతి నేను పుస్తకములో చదివి నేర్చినది కాదు. ఒక తప్పు చేసి నేర్చినది. కొన్ని ఏండ్ల క్రిందట ఒక గ్రామసభలో పప్పుశనగను గూర్చి మాటలాడుచు, మంచి యాజమాన్యముతో ఎకరమునకు పది క్వింటాళ్ళ వరకు రాగలదని చెప్పితిని. చెప్పినది అబద్ధము కాదు. పది క్వింటాళ్ళు తీసిన పొలములు నేను చూచితిని. కాని "వరకు" అను మాట ఎవరికి వినబడలేదు. పది అను అంకె మాత్రము వినబడినది. మూడెకరముల సొంత భూమి గల రైతు ఒకరు ఆ ఉగాదికి మరి అయిదెకరములు గుత్తకు పట్టిరి. హస్తలో పడిన వానతో విత్తిరి, తరువాత చినుకు లేదు. కాయపట్టు వేళకు నేల నెర్రెలు విచ్చినది. ఎకరమునకు అయిదు క్వింటాళ్ళు వచ్చినవి.

కళ్ళము ముగిసిన తరువాత ఆ రైతు పిల్లవాని నోటుపుస్తకము ఒకటి చంకలో పెట్టుకొని నా దగ్గరకు వచ్చిరి. నన్ను తిట్టుటకు వచ్చిరనుకొంటిని. ఆయన తిట్టలేదు. పుస్తకము బల్లమీద పెట్టి, "నేను యాడ తప్పినానో సూడండి సార్" అనిరి. ఆ పుటలో ఒకే ఒక గుణకారము ఉన్నది: పది క్వింటాళ్ళు, వాని ధర, అందులోనుండి ఖర్చు తీసివేత, మిగిలిన దానిని అయిదుతో హెచ్చవేత. వడ్డీ లేదు. వాన రాని ఏడు లేదు. ఆ పది అను అంకె నాది.

ఆనాడు ఇద్దరము కూర్చుండి వేసిన లెక్కనే మీకు చూపెదను. అంకెలను తేలికగా ఉండుటకై గుండ్రము చేసి, ధరలను ఇప్పటివానికి దగ్గరగా మార్చితిని. శనగ ధరను 2025లో మార్కెటుకు వచ్చిన పంటకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధర ప్రకారము క్వింటాలుకు 5,650 రూపాయలుగా తీసికొంటిని. మీ ఊరి కూలి, మీ ఊరి ట్రాక్టరు అద్దె వేరుగా ఉండవచ్చును. ఆ గడులలో మీ అంకెలు వేసికొనుడు.

ఎకరము పప్పుశనగకు ఖర్చు (రూపాయలలో):
దుక్కి, గుంటక — 3,500
విత్తనము 30 కిలోలు, కిలో 90 చొప్పున — 2,700
విత్తనశుద్ధి — 150
డి.ఎ.పి. ఒక బస్తా — 1,350
విత్తుట — 1,000
కలుపు — 2,000
పురుగు మందులు, పిచికారీ కూలి — 2,500
కోత, నూర్పిడి — 3,500
సంచులు, బండి బాడుగ, కాటా — 1,000
చిల్లర — 300
మొత్తము — 18,000

ఎరువు పద్దును చూచి కొందరు నవ్వుదురు. "ఒక బస్తాతో యాడ పండుతాది?" అందురు. పప్పుశనగకు ఎకరమునకు సిఫారసు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరము. డి.ఎ.పి.లో నూటికి 18 పాళ్ళు నత్రజని, 46 పాళ్ళు భాస్వరము కలదు. లెక్కవేసిన 44 కిలోల డి.ఎ.పి.తో రెండును సరిపోవుచున్నవి; అనగా బస్తాలో ఇంకను ఆరు కిలోలు మిగులును. పక్కవారు వేసిరని రెండవ బస్తా వేయువారు ఎకరమునకు 1,350 రూపాయలు నేలలో పూడ్చుచున్నారు. పద్దు వ్రాయుట వలన మొదట బయటపడునది ఇటువంటి అలవాటు ఖర్చులే.

ఇక వడ్డీ. నూటికి నెలకు రెండు రూపాయలు అన్నప్పుడు అది చిన్నదిగా తోచును. ఏడాదికి అది నూటికి 24. సాగు ఖర్చు 18,000 రూపాయలకు సగటున అయిదు నెలలు అనుకొనిన 1,800 రూపాయల వడ్డీ యగును. అనగా సొంత భూమిలో ఎకరమునకు అసలు ఖర్చు 19,800. గుత్త ఎకరమునకు 15,000 అనుకొందము. దానిని ఉగాదికే కట్టవలెను, డబ్బు తిరిగి వచ్చునది మాఘ, ఫాల్గుణములలో. పది నెలలకు దాని వడ్డీ 3,000. అన్నియు కలిపిన గుత్త పొలములో ఎకరమునకు 37,800 రూపాయలు.

ఇప్పుడు ఎన్ని క్వింటాళ్ళు పండిన పెట్టుబడి తిరిగి వచ్చునో చూడుడు. సొంత పొలములో మూడున్నర క్వింటాళ్ళు చాలును. గుత్త పొలములో ఆరు క్వింటాళ్ళ డెబ్బది కిలోలు కావలెను. అదియు మద్దతు ధర దక్కినప్పుడు. మార్కెటులో 5,000 మాత్రమే పలికిన, ఏడున్నర దాటవలెను.

ఎనిమిది క్వింటాళ్ళు పండిన మంచి ఏట గుత్త పొలములో ఎకరమునకు 7,400 రూపాయలు, అయిదెకరములకు 37,000 మిగులును. అయిదు క్వింటాళ్ళు పండిన ఏట ఎకరమునకు 9,550, అయిదెకరములకు 47,750 రూపాయలు చేతినుండి పోవును. ఒక మంచి ఏడు, ఒక చెడ్డ ఏడు కలిసి వచ్చిన, రెండేండ్ల కష్టము తరువాత 10,750 రూపాయలు అప్పు మిగులును. ఇందులో ఇంటివారి కూలి ఒక్క రూపాయి కూడ కలపలేదు. అదే చెడ్డ ఏట సొంత పొలము ఎకరమునకు 8,450 మిగిల్చుచున్నది. కరవును తట్టుకొనగలిగిన పైరే గుత్త క్రింద రైతును ముంచుచున్నది. తప్పు పైరుది కాదు.

ఇట్టి తప్పు చిన్న రైతులే చేయుదురనుకొనరాదు. పూర్వపు నందికొట్కూరు తాలూకా పొలముల నడుమ పారుచున్న కర్నూలు–కడప కాలువ చరిత్ర చూడుడు. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరు ఈ కాలువను త్రవ్వినది 1858లో ఇంగ్లండులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. పది లక్షల పౌన్ల మూలధనము సమకూర్చుకొనిరి. దానిపై నూటికి 5 చొప్పున వడ్డీ దక్కునట్లు ప్రభుత్వము హామీ ఇచ్చినది. కాలువ పూర్తికాకమునుపే ఆ సొమ్ము అయిపోయినది. మరి ఆరు లక్షల పౌన్లు ప్రభుత్వమునుండి అప్పు తెచ్చిరి. 1871 నాటికి నీరు పారినది, కాని అనుకొనిన రాబడి రాలేదు. కారణము మన పెద్దలకు తెలిసినదే. జొన్నయు, ప్రత్తియు పండు రేగడి నేల మంచి వాన పడిన ఏట కాలువ నీటికి ఆశపడదు. నీటి తీరువ కట్టి తడి పైరు పెట్టుటకు రైతులు ముందుకు రాలేదు. 1876–78 నాటి ఘోర క్షామములో నీటికై వచ్చిరి, వానలు పడగానే మరల తగ్గిరి. ప్రతి ఎకరము నీరు తీసికొనునను లెక్కపై నిలిచిన కంపెనీ నిలువలేకపోయినది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేసినది. కాలువ మంచిదే, నేటికిని ఎన్నో పొలములకు ప్రాణము పోయుచున్నది. చెడినది రాబడి అంచనా. మా రైతు నోటుపుస్తకములోని పదికిని, ఆ కంపెనీ లెక్కకును భేదము సున్నలలోనే ఉన్నది.

కావున రాబడి గడిలో ఏ అంకె వేయవలెను? నా వంటి అధికారి సభలో చెప్పిన అంకె వేయవద్దు. పక్క పొలమువాడు ఒక ఏడు తీసిన అంకె వేయవద్దు. మీ పొలములో గడచిన అయిదేండ్లలో ఎన్ని సంచులు కట్టితిరో గుర్తు చేసికొనుడు. మన రైతు గుర్తు చేసికొని చెప్పినవి ఇవి: 8, 5, 7, 4, 9. మొత్తము 33, సగటు ఆరున్నరకు కొంచెము పైన, 6.6 క్వింటాళ్ళు. తొమ్మిది వచ్చిన ఏడు ఆయన వెంటనే చెప్పిరి. నాలుగు వచ్చిన ఏడు ఇంటి ఆడవారు గుర్తు చేయవలసి వచ్చినది. లెక్క వ్రాయునపుడు ఆమెను కూడ కూర్చుండబెట్టుకొనుట మంచిది. ఇంటిలో ఎప్పుడు ఏ వస్తువు కుదువకు పోయినదో ఆమెకు తెలిసినంత మనకు తెలియదు.

ఈ సగటుతో లెక్కను తలక్రిందులుగా వేయుడు. 6.6 క్వింటాళ్ళకు 37,290 రూపాయలు. అందులో సాగు ఖర్చు, దాని వడ్డీ 19,800 తీసివేసిన 17,490 మిగులును. ఇంటివారి కష్టమునకు, చెడ్డ ఏటి దెబ్బకు ఎకరమునకు కనీసము 4,000 పక్కన పెట్టిన 13,490. గుత్తపై పది నెలల వడ్డీ కూడ ఇందులోనే రావలెను గనుక, ఈ పొలము భరించగల గుత్త ఎకరమునకు సుమారు 11,000 రూపాయలు. ఊరిలో గుత్త 15,000 నడచుచున్నది గనుక మనమును 15,000 ఇత్తము అనుట బేరము కాదు. మీ పద్దు చెప్పిన అంకెను జేబులో పెట్టుకొని మాటలకు పోవుడు.

మొత్తము సరిపోయినంత మాత్రమున పద్దు ముగియలేదు. డబ్బు ఎప్పుడు కావలెనో కూడ వ్రాయవలెను. అయిదెకరములకు సాగు ఖర్చు 90,000 గదా. భాద్రపదము నాటికి దుక్కులకు 17,500. విత్తు వేళకు విత్తనము, శుద్ధి, ఎరువు, గొర్రు కలిసి ఒకేసారి 26,000; దసరా ఖర్చు కూడ అప్పుడే. కలుపుకు, మందులకు 22,500. చివర కోతకు, నూర్పిడికి 17,500, సంచులకు, బాడుగకు 5,000, చిల్లర 1,500.

ఇందులో మిక్కిలి ప్రమాదమైనది కోత ఖర్చు. చాలమంది విత్తనము దగ్గరనే భయపడి కోతను మరతురు, "అప్పటికి పంట చేతికి వస్తాది గదా" అని. పంట చేతికి వచ్చుటకు ముందు రోజు కూలీలకు డబ్బు ఇయ్యవలెను. ఆ డబ్బు లేనివాడు మండీ వ్యాపారి దగ్గర బయానా తీసికొనును. తీసికొనిన నాడే తన ధరను తాను కోల్పోయినాడు. కళ్ళములోనే తూకము, ఆయన చెప్పినదే రేటు. కోత సొమ్మును విత్తునాడే వేరుగా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేసి, దానిని ముట్టవద్దని ఇంటిలో చెప్పవలెను. (కూలీలు దొరకని గ్రామములలో యంత్రకోత లెక్క కూడ వేసి పోల్చి చూడుడు. 1906లో స్థాపితమైన మన నంద్యాల పరిశోధనా స్థానమునుండి వచ్చిన ఎన్.బి.ఇ.జి. 47, అనగా ధీర, నిటారుగా పెరిగి యంత్రకోతకు అనుకూలించు రకము. మామూలు రకములు నేలకు దగ్గరగా కాయును గనుక యంత్రమునకు అందవు.)

పంటను నిలువ చేసిన ధర పెరుగునని ఆశపడువారు ఈ చిన్న లెక్క వేయవలెను. చేతిలో రెండు రూపాయల వడ్డీ అప్పు ఉన్నప్పుడు 5,650 రూపాయల క్వింటాలును ఒక నెల ఆపిన 113 రూపాయలు వడ్డీయే తినును. గోదాము అద్దె, పుచ్చు, తరుగు దానికి పైన. నెలకు అంతకన్న ఎక్కువగా ధర పెరుగునను నమ్మకము లేనిచో అమ్మివేసి అప్పు తీర్చుటయే లాభము. అదే అప్పు ఏడాదికి నూటికి 7 వడ్డీదైన నెలకు 33 రూపాయలే. అప్పుడు కొంత ఓపిక పట్టవచ్చును. గుర్తింపు పొందిన గిడ్డంగిలో సరుకు పెట్టి ఆ రసీదుపై బ్యాంకులో అప్పు పొందు వీలు కూడ కలదు. శనగలు బాగుగా ఎండనిదే నిలువకు పెట్టవద్దు.

అప్పు ఎక్కడ తెచ్చితిమను దానినిబట్టియే పద్దు ఎంత మారునో చూడుడు. 1998లో ప్రవేశపెట్టిన కిసాన్ క్రెడిట్ కార్డుపై మూడు లక్షల రూపాయల వరకు పంట అప్పుకు వడ్డీ నూటికి 7. గడువులోగా చెల్లించినవారికి మరి 3 తగ్గి నికరముగా 4 పడును. ఎకరమునకు 18,000 రూపాయలకు అయిదు నెలల వడ్డీ 7 చొప్పున 525 రూపాయలు. బయటి వడ్డీ 1,800. భేదము 1,275 రూపాయలు, అనగా ఇరువది రెండు కిలోల శనగలు; ముక్కాలు ఎకరమునకు విత్తనము. ఈ కార్డు పరిమితిని ఏర్పరచునపుడు పంటకు నిర్ణయించిన అప్పు మొత్తమునకు తోడు ఇంటి ఖర్చులకు, కోత తరువాతి ఖర్చులకు నూటికి 10, పనిముట్లు, పశువుల పోషణకు, బాగుచేతకు నూటికి 20 కలుపుదురు. ఇంటి ఖర్చు అను వేరు గడి బ్యాంకువారి లెక్కలోనే ఉన్నదని గమనించుడు. మీ పుస్తకములో కూడ దానిని వేరుగా ఉంచవలెను. పిల్లల బడి ఫీజు ఎరువుల గడిలోను, ఎరువు బాకీ పెండ్లి ఖర్చులోను కలిసిపోయిన తరువాత, ఏది నష్టపెట్టినదో బ్రహ్మదేవుడు కూడ చెప్పలేడు.

కాని గుత్త రైతులకు ఈ తక్కువ వడ్డీ అప్పు అందుటయే కష్టము. పట్టా వారి పేర లేదు. ఇచ్చట గ్రామాధికారులకు ఒక మాట మనవి చేయుచున్నాను. 2019లో మన రాష్ట్రమున వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టము, యజమాని అంగీకారముతో 11 నెలలకు సాగుదారునకు పత్రము ఇచ్చుటకు వీలు కల్పించినది. భూమి హక్కు దీనివలన మారదు. యజమానులకు ఉన్న భయము ఇదియే. రెవిన్యూ అధికారులును, పెద్దలును ఇంటికి వెళ్ళి ఈ మాట చెప్పిన సగము పని యగును. ఆ పత్రము, పంట నమోదు రెండును ఉన్న గుత్త రైతునకు బ్యాంకు గుమ్మము ఎక్కుటకు ఆధారము దొరకును. వడ్డీ 24 నుండి 7కు దిగిన, పై లెక్కలో గుత్తపై వడ్డీ 3,000 నుండి 875కు దిగును. అది గట్టెక్కు రైతునకును, మునుగు రైతునకును మధ్య ఉన్న దూరములో చాల భాగము.

ట్రాక్టరు కొనదలచిన యువకులు కూడ ఇట్లే వ్రాయవలెను. వారు తరుచుగా డీజిలు, డ్రైవరు జీతము, వాయిదా మూడే వ్రాయుదురు. ఎనిమిది లక్షల బండి పదేండ్లు నడచుననుకొనిన ఏటికి 80,000 అరుగుదల. ఏడాదిలో 400 గంటల పని దొరికిన గంటకు 200 రూపాయలు అరుగుదలకే పోవును. ఊరిలో ఇప్పటికే ఎన్ని ట్రాక్టర్లు ఉన్నవో లెక్కించి, తనకు 400 గంటలు దొరకునా అని అడుగుకొనుట మొదటి పని.

పుస్తకమును ఎట్లు ఉంచవలెనని కొందరు అడుగుదురు. గీతల నోటుపుస్తకము చాలును. ఎడమ పుట అంచనాకు, కుడి పుట అయిన ఖర్చుకు. వారమునకు ఒకసారి, సంత రోజు రాత్రి, వ్రాయుడు. అంచనా 2,500 ఉండి అయినది 4,000 అయిన చోట గీత గీసి కారణము ఒక మాటలో వ్రాయుడు. మందుల కొట్టులో అరువు తెచ్చినదైనను తెచ్చిన నాడే వ్రాయవలెను, తీర్చిన నాడు కాదు. అరువు ధర వేరు, రొక్కపు ధర వేరు అను సంగతి అప్పుడే కంటబడును.

ఇక మన రైతు సంగతి. తరువాతి ఉగాదికి ఆయన భూమి యజమానితో ఎకరమునకు 11,000 అనిరి. యజమాని ఒప్పుకొనలేదు, పొలము మరియొకరు 15,000కే పట్టిరి. ఊరివారు ఈయనను చేతగానివాడనిరి. "మాట పడితి గాని అప్పు పడలేదు సార్" అని నాతో అనిరి. సొంత మూడెకరములే సాగుచేసి, పాత బాకీలో కొంత తీర్చి, ఈ మధ్య రెండు గేదెలు కొనుటకు పద్దు వ్రాసికొని వచ్చిరి. పాల ధర, దాణా, వాయిదా అన్నియు ఉన్నవి. గేదె వట్టిపోయిన నెలలు మాత్రము లేవు. ఆ నెలలను కలిపి ఎడమ పుట మరల వ్రాయుచున్నాము.